అచ్చు ఖర్చు ఎవరిదన్నది కొలమానమా?

సింగపూర్‌లోని హౌగాంగ్‌లో కాపురముండే ఒక తెలుగు కథకుడు పదేళ్ళ కథలను పోగుచేసి, సొంత డబ్బుతో, అక్కడి చిరునామాతోనే ఒక సంపుటి వెలువరించాడని అనుకోవచ్చు. అక్కడి చట్టం ప్రకారం నాలుగు వారాల్లోగా రెండు ప్రతులను జాతీయ గ్రంథాలయ మండలికి అప్పగించాలి. పెట్టుబడి ఎవరిదని ఆ చట్టం అడగదు. అదే పుస్తకానికి తెలుగు వికీపీడియాలో ఒక పుట ఉండవచ్చా అన్న ప్రశ్న రాగానే, "స్వీయ ప్రచురణ కదా" అన్న ఒక్కమాటతో వాదాన్ని ముగించాలని చూసేవారు ఉంటారు. ఆ మాట వినడానికి నియమంలా ఉంటుంది. నిజానికి అది తెలుగు పుస్తక చరిత్ర పట్ల అజ్ఞానం.

కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' స్థాపించి, తన రచనలను తన పత్రికలోనే ప్రకటించాడు. 'రాజశేఖర చరిత్రము' తొలుత వెలుగు చూసింది అందులోనే. తెలంగాణలో కవులు లేరన్న నిందకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను 1934లో తెచ్చింది, తాను సంపాదకుడిగా ఉన్న గోలకొండ పత్రిక పక్షాన. తెలుగులో విజ్ఞాన సర్వస్వమన్న ఊహకు రూపమిచ్చిన కొమర్రాజు లక్ష్మణరావు సైతం లాభాపేక్ష గల ప్రచురణకర్త కోసం ఎదురుచూడలేదు. తానే పూనుకొన్నాడు, అది పూర్తికాకుండానే 1923లో కన్నుమూశాడు. ఆ సర్వస్వానికి వారసత్వం చెప్పుకొనేవారు స్వీయ ప్రచురణను అంటరానిదిగా చూడటం కన్నా విడ్డూరం ఏముంది?

ఇది తెలుగుకే పరిమితం కాదు. ఎడ్గార్ ఎలన్ పో తొలి కవితా సంపుటి 1827లో రచయిత పేరైనా లేకుండా సుమారు యాభై ప్రతులుగా వచ్చింది. విట్మన్ 1855లోనూ, ప్రూస్ట్ 1913లోనూ సొంత ఖర్చుతోనే పాఠకుల ముందుకు వచ్చారు.

నేటి పరిస్థితి మరీ స్పష్టం. తెలుగు కవితా సంపుటి లోపలి అట్టమీద కనిపించే ప్రచురణ సంస్థ పేరు చాలాసార్లు రచయిత తల్లిదో, కూతురిదో, ఇంటిదో అయివుంటుంది; "ప్రతులకు" అన్నచోట రచయిత చిరునామాయే ఉంటుంది. ప్రచురణకర్తను బట్టి వడపోస్తే జల్లెడలో మిగిలేది సాహిత్యం కాదు, అమ్మకపు అంచనా.

అయితే అచ్చయిన ప్రతి పుస్తకానికీ ఒక పుట కేటాయించాలనడం మరో పొరపాటు. అప్పుడది విజ్ఞాన సర్వస్వం కాదు, ఆవిష్కరణ సభ ఆహ్వానపత్రిక. రచయితే తన పుస్తకంపై వ్యాసం రాసుకోవడం, మిత్రుడి మున్నుడిని ఆధారంగా చూపడం, సభలో కప్పిన శాలువాను ప్రాముఖ్యతగా లెక్కవేయడం, ఇవన్నీ తిరస్కరించదగినవే. మున్నుడి రచయిత కోరగా వచ్చినది. సమీక్ష పాఠకుడు తనంతట తాను రాసినది. విజ్ఞాన సర్వస్వానికి కావలసింది ఈ రెండవది: రచయితతో సంబంధం లేనివారు ఆ పుస్తకాన్ని చదివి, తూచి, అచ్చులో మాట్లాడారా అన్నది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెలుగు పత్రికల్లో సమీక్ష అన్నది "స్వీకారం" శీర్షిక కింద అట్టబొమ్మ, వెల, రెండు పొగడ్తలుగా కుంచించుకుపోయింది. మంచి పుస్తకానికీ చెడ్డ పుస్తకానికీ సాక్ష్యం సమానంగా లేనప్పుడు, వికీపీడియా నిర్వాహకుడు ఏ ఆధారంతో తేల్చగలడు? సాక్ష్యమివ్వవలసిన విమర్శకుడు మౌనంగా ఉండి, శిక్ష మాత్రం రచయితకు పడటం న్యాయం కాదు.

కాబట్టి నియమాన్ని సడలించనక్కరలేదు, సరైనచోట పెట్టాలి. అచ్చు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న తొలగించి, ఎవరు చదివారు, ఏమన్నారు అన్న ప్రశ్న నిలపాలి. హౌగాంగ్ కథకుడికి కావలసింది దయతో ఇచ్చిన పుట కాదు; నిర్మొహమాటంగా రాసిన ఒక సమీక్ష. అది వస్తే పుట దానంతటదే వస్తుంది. రాకపోతే ఆ లోటు పుస్తకానిదని చెప్పే హక్కు చదవనివారికి లేదు.