చేతులు మారిన గిటారు

సెకండ్‌ హ్యాండ్‌లో అమ్మకానికి వచ్చే ఎలక్ట్రిక్ గిటార్లలో ఒక రకం ఉంది. దానికి ఆరు తీగలకు బదులు ఏడో ఎనిమిదో ఉంటాయి. కంపెనీ బిగించిన పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) ఉండవు. వాటి స్థానంలో కూర్చున్న కొత్తవాటి చుట్టూ చెక్కను తొలిచిన గుర్తులు కనబడతాయి. తీగలు బిగించే మరలు మారి ఉంటాయి, పాత మరల చిల్లులు తల వెనకాల అలాగే మిగిలి ఉంటాయి. హెవీ మెటల్ వాయించేవాళ్లెవరో వాడి, తమకు నచ్చినట్టు మార్చుకుని, ఇక చాలనుకుని వదిలిన వాద్యమది. ‘ఒరిజినల్ కాదుగా’ అంటూ కొనేవాళ్లు ధర తగ్గిస్తారు. ధర తగ్గడం బేరంలో మామూలే. కానీ వాద్యం విలువే తగ్గిపోయిందనుకుంటే, ఈ సంగీతం ఎలా పుట్టిందో మరిచిపోయినట్టే.

దీని మూలపురుషుల్లో ఒకరైన టోనీ అయోమీ ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్‌లోని ఒక రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 1965లో ఆయనకు పదిహేడేళ్లు. సంగీతం కోసం ఉద్యోగం మానేస్తూ చివరిసారిగా పనికి వెళ్లిన రోజున యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. తీగలు నొక్కాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే. అప్పుడు ఫ్యాక్టరీలో పైఅధికారి ఒకరు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చచ్చుబడ్డాక కూడా గొప్పగా వాయించిన కళాకారుడాయన. ఆ పాట విన్న అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అంటించాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి పుడుతోందని సన్నటి బాంజో తీగలు వేశాడు. ఆ తర్వాత బిగువు కూడా తగ్గించాడు. ఆయన బ్యాండు బ్లాక్ సబ్బాత్ 1971లో తెచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో చాలా పాటలకు గిటారు శ్రుతి మూడు అర్ధస్వరాలు కిందికి దిగింది. తెగిన వేళ్ల కోసం వెతుక్కున్న వెసులుబాట్లలోంచి ఒక సంగీతానికి దాని గొంతు దొరికింది.

ఆ గొంతును ఇంకా లోతుకు తీసుకువెళ్లాలన్న కోరిక మెటల్ వాద్యకారులను ఇప్పటికీ వదల్లేదు. అయితే తీగను వదులు చేసుకుంటూ పోతే ఒక హద్దు దాటాక అది జారిపోతుంది. గట్టిగా మీటితే మొదట శ్రుతి పైకి ఎగిరి, ఆ తర్వాతే తన చోటికి వస్తుంది. పైగా ధ్వనిని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెట్టామంటే ఆ వదులుతనమంతా బురదలాంటి రొదగా బయటపడుతుంది. అందుకే మందమైన తీగ కావాలి, దాన్ని బిగువుగా నిలపడానికి పొడవైన మెడ కావాలి. మామూలు గిటారులో అన్నిటికన్నా కింది తీగ సెకనుకు దాదాపు 82 సార్లు కంపిస్తుంది. ఏడో తీగ కంపనాలు 62 దాకా, ఎనిమిదో తీగవి 46 దాకా దిగుతాయి. మామూలుగా ఇరవై అయిదున్నర అంగుళాలుండే తీగ పొడవు ఎనిమిది తీగల గిటార్లలో ఇరవై ఏడు దాకా పెరగడానికి కారణం ఇదే.

ఏడో తీగ మెటల్ వాళ్లు కనిపెట్టింది కాదు. జాజ్ కళాకారుడు జార్జ్ వాన్ ఎప్స్ 1930లలోనే ఎపిఫోన్ కంపెనీ చేత ఏడు తీగల గిటారు చేయించుకుని, అదనపు తీగను కింది ‘ఎ’ స్వరానికి శ్రుతి చేసుకున్నాడు. 1990లో రాక్ గిటారిస్టు స్టీవ్ వాయ్ కోసం ఇబనెజ్ కంపెనీ ‘యూనివర్స్’ అనే ఏడు తీగల గిటారును తెచ్చింది. నాలుగేళ్ల తర్వాత కాలిఫోర్నియా కుర్రాళ్ల బ్యాండు కార్న్ తన మొదటి ఆల్బమ్‌లో అలాంటి ఏడు తీగలనే ఒక స్వరం దించి వాయించింది. అలా దించితే కింది తీగ చేరేది మళ్లీ వాన్ ఎప్స్ ‘ఎ’ దగ్గరికే. ఒకరు నెమ్మదైన జాజ్ స్వరసమ్మేళనాల కోసం కోరుకున్న లోతునే మరొకరు చెప్పుకోలేని కోపం కోసం వాడుకున్నారు.

స్వీడన్ బ్యాండు మెషుగా అనుభవం ఈ విషయంలో మరీ ముచ్చటైనది. 2002లో ‘నథింగ్’ ఆల్బమ్ నాటికి వాళ్లు ఎనిమిది తీగల గిటార్లు ప్రత్యేకంగా చేయించుకున్నారు. అవి శ్రుతిలో నిలవలేదు. దాంతో ఏడు తీగల గిటార్లనే బాగా కిందికి దించి రికార్డు చేశారు. కానీ మనసులో ఉన్న ధ్వనిని వదులుకోలేదు. 2006లో అదే ఆల్బమ్‌కు ఎనిమిది తీగల మీద గిటార్లను కొత్తగా వాయించి మళ్లీ విడుదల చేశారు. ఆ మరుసటి ఏడు, 2007లో, ఇబనెజ్ ఎనిమిది తీగల గిటారును మామూలు మోడల్‌గా మార్కెట్లోకి తెచ్చింది. వాయించేవాళ్లు ముందు నడిస్తే కంపెనీ వెనక వచ్చింది.

ఈ వరస తెలిసినవాళ్లకు, ఎవరో మార్చిన పాత గిటారు చేతికి వస్తే చదవడానికి చాలా దొరుకుతుంది. వెనక మూత తీసి చూడండి. శ్రుతిని ఊపడానికి వాడే ట్రెమోలో కదలకుండా గుంటలో ఒక చెక్కముక్క బిగించి ఉండవచ్చు: శ్రుతి దించినా తీగలు నిలకడగా ఉండాలని పాత యజమాని పడిన తాపత్రయం అది. స్ప్రింగుల మధ్య స్పాంజి కూరి ఉంటే, చేయి ఆపిన క్షణంలోనే శబ్దం పూర్తిగా ఆగాలని అతను కోరుకున్నాడని అర్థం. మెటల్‌లో ఆ నిశ్శబ్దానికి మోతతో సమానమైన విలువ ఉంది. టోన్ నాబ్ తీసేసి, ఒక్క వాల్యూమ్ మాత్రమే ఉంచి ఉండవచ్చు. మెడ పైకొసన తీగలు ఆనే నట్‌లో గాడి వెడల్పు చేసి ఉంటే, మందమైన తీగ కోసం అరిగిన ఆకురాయి గుర్తది. తొమ్మిది వోల్టుల బ్యాటరీకి చెక్కలో చోటు తొలిచారంటే, యాక్టివ్ పికప్‌లు బిగించి, కింది స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా వినబడాలని చూశారన్నమాట. ఒక మనిషి ఏం వినాలనుకున్నాడో ఈ గుర్తులన్నీ చెబుతాయి. కొత్త గిటారులో ఈ చదువు దొరకదు.

ఇలాంటి తపన మనకు కొత్తదేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌తో చేసింది ఇదే. ఆ పాశ్చాత్య వాద్యానికి మామూలుగా ఉండేవి నాలుగు జంట తీగలు. జంట తీగలతో గమకం పలికించడం కష్టం. అందుకే ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఒంటి తీగలు పెట్టుకుని, వాటిని అయిదు చేసి, మంద్రస్థాయికి చోటు తెచ్చుకున్నాడు. ఆ మార్పు లేకపోతే కచేరీ వేదిక మీద మనం విన్న ఆ రాగాలాపనలు లేవు. రెండు సంగీతాల దారులూ వేరు. తన చెవికి వినబడుతున్నది పలికేలా వాద్యాన్ని మార్చుకునే సాహసం మాత్రం ఒక్కటే.

మార్చిన ప్రతి గిటారూ మంచిదని చెప్పడం లేదు. తెలియని చేతుల్లో పాడైనవీ ఉన్నాయి. మెడ మెలి తిరిగితే సరిచేయడం చాలా కష్టం. మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ, అంటే ట్రస్ రాడ్, తిరగకపోతే ఎంత చౌకగా వచ్చినా ఆ బేరం వద్దు. మెట్లు అరిగినా, సోల్డరింగ్ ఊడినా బాగుచేయించుకోవచ్చు. తొలిచేసిన చెక్క మాత్రం తిరిగి రాదు. కొనేముందు ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా వాయించి చూడాలి. వీలైతే పనితెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లాలి. హైదరాబాదులోనో విశాఖలోనో కాలేజీలో చదువుతూ ఈ సంగీతం మీద మనసు పడినవారికి కొత్త ఎనిమిది తీగల గిటారు ధర అందదు. వారికి ఇలాంటి పాతదే తలుపు తెరుస్తుంది. పిల్లలు అలాంటిదొకటి ఇంటికి తెస్తే, చిల్లులూ గీతలూ చూసి మోసపోయారని పెద్దలు కంగారు పడనవసరం లేదు. ముందు వాయించమనండి, వినండి.

అమ్మేవారికి ఒక విన్నపం. ఏమేం మార్చారో దాచకండి. ఏ పికప్ ఎందుకు వేశారో, ఏ మందం తీగలు వాడారో, ఏ శ్రుతిలో పెట్టుకున్నారో ఒక కాగితం మీద రాసివ్వండి. తీసేసిన పాత పికప్‌లూ మరలూ ఇంట్లో ఉంటే, వాటిని కూడా గిటారుతో పాటు పెట్టెలోనే ఇచ్చి పంపండి.