సింగిల్స్ సంకలనమూ ఆల్బమే

ఇంగ్లండ్ బృందం ‘ది క్యూర్’ 1986లో వెలువరించిన ‘స్టాండింగ్ ఆన్ ఎ బీచ్’ వట్టి పాత పాటల మూట కాదు. సింగిల్స్ సంకలనాలన్నీ కంపెనీల అమ్మకపు ఎత్తులేనన్న గత సంచిక వ్యాసం దీనికి అన్యాయం చేసింది.

ఈ ఎల్పీలో 1978 చివరి నుంచి 1985 దాకా వచ్చిన 13 సింగిల్స్ విడుదలైన వరుసలోనే ఉన్నాయి. ఆ వరుసే దీని ప్రాణం. 1982లో ‘పోర్నోగ్రఫీ’ ఆల్బమ్‌తో నిరాశ అంచుకు చేరిన బృందం, అదే ఏడాది చివర ‘లెట్స్ గో టు బెడ్’తో పాప్ వైపు తిరిగింది. ‘పోర్నోగ్రఫీ’లోని ‘ది హ్యాంగింగ్ గార్డెన్’ ముగియగానే ఆ పాట మొదలైతే, బృంద గాయకుడు రాబర్ట్ స్మిత్ తీసుకున్న మలుపు చెవికే తెలిసిపోతుంది. విడి ఆల్బమ్‌లలో ఆ అనుభవం దొరకదు. పైగా 1981 నాటి ‘షార్లెట్ సమ్‌టైమ్స్’ అప్పట్లో ఏ స్టూడియో ఆల్బమ్‌లోనూ చేరలేదు. అలాంటి పాటకు సంకలనమే దిక్కు. క్యాసెట్ రెండోవైపు 12 బి-సైడ్ పాటలు కూడా చేర్చారు. శ్రోత మీద ఇంతకన్నా గౌరవం ఏముంటుంది!

తొలి పాట ‘కిల్లింగ్ యాన్ అరబ్’కు ఆధారం ఆల్బేర్ కామూ నవల. అమెరికాలో కొందరు ఆ పాటను జాతిద్వేషానికి వాడుకోవడంతో, అది తగదని చెప్పే స్టిక్కర్‌ను ఆల్బమ్‌పై అతికించారు.

ఇలాంటి సంకలనం విలువ మా ద్వీపవాసులకు బాగా తెలుసు. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యేదాకా మా అండమాన్‌లో ఇంటర్నెట్‌కు ఉపగ్రహాలే ఆధారం. ఒక్కో పాటా దించుకోవడమే కష్టమైన చోట, ఒక బృందం ఏడేళ్ల ప్రయాణం ఒకే డిస్కులో వరుసగా దొరకడం చిన్న విషయం కాదు.

— ఒక పాఠకుడు, పోర్ట్ బ్లెయిర్