ఎదిగిన కూతురు ఏ కుటుంబం కిందకొస్తుంది?

మా అమ్మమ్మది పల్నాడు. ఆవిడ కాపురానికొచ్చిన రోజుల్లో పండగపూట తప్ప ఇంట్లో వరన్నం వండేవాళ్లు కాదట. 1955లో నెహ్రూగారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967లో కాలవలకి నీళ్లొదిలారు. ఆ తర్వాతే రోజూ తెల్లన్నం తిన్నామని చెప్పేది. (ఇప్పుడు షుగరొచ్చి, డాక్టరు మళ్లీ జొన్నరొట్టే తినమన్నాడు, అది వేరే సంగతి!) కాబట్టి ఆ అన్నం తిని పెరిగిన నేను డ్యాములు వద్దని తేలిగ్గా అనలేను.

కానీ నీళ్లొచ్చే ఊరు ఒకటి, మునిగే ఊరు ఒకటి. మునిగే ఊళ్లో ఎవరికి ఏమివ్వాలన్న లెక్క నర్మద మీద కట్టిన సర్దార్ సరోవర్ విషయంలో నలిగినంతగా మరెక్కడా నలగలేదేమో!

ముందు మేలు చెప్పుకుందాం. ఆ డ్యామ్ నీళ్లు గుజరాత్‌లో సౌరాష్ట్ర, కచ్ దాకా వెళ్లాయి. 2008లో రాజస్థాన్ ఎడారి జిల్లాలకీ చేరాయి. అక్కడ బిందె నెత్తిన పెట్టుకుని మైళ్లు నడిచేది ఆడవాళ్లే. కొళాయి వాకిట్లోకొస్తే ఎంత హాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక రెండోవైపు. మూడు రాష్ట్రాల్లో 245 ఊళ్లు ముంపు కిందకొచ్చాయి. 1979లో నర్మదా ట్రిబ్యునల్ తీర్పు చెబుతూ భూమికి భూమి ఇవ్వాలంది, కుటుంబానికి కనీసం 2 హెక్టార్లు. అప్పటికది చాలా ఉదారమైన తీర్పే. అయితే కుటుంబమంటే ఎవరు? భర్త, భార్య, మైనరు పిల్లలు, వాళ్ల మీద ఆధారపడ్డ విధవ తల్లి లాంటి వాళ్లు. మేజరైన కొడుకు మాత్రం వేరే కుటుంబం. మరి మేజరైన కూతురో? ఆ పిల్ల ఊసే లేదు! 1987 తర్వాత గుజరాత్ ప్రభుత్వం ఎదిగిన కొడుక్కి కూడా విడిగా 2 హెక్టార్లు ఇస్తానంది. అన్నతోపాటు అదే చేలో కలుపు తీసిన చెల్లెలు ఎవరో ఒకరింటికి పోయేదే కదా అని లెక్కలోంచి తీసేశారన్నమాట. విధవ తల్లి సంగతీ అంతే, కొడుకు ఖాతాలో ఒక మనిషి.

ఇంకోటి కూడా ఉంది. పట్టా ఉన్న పొలానికి పరిహారం లెక్క కట్టొచ్చు. అడవిలో ఏరుకొచ్చే ఇప్పపువ్వుకి, వంటచెరుకుకి, పశువుల మేతకి పట్టా ఎవరిస్తారు? పొలం మగవాడి పేరునుంటుంది, అడవి ఆడదాని చేతుల్లో ఉంటుంది. మునిగేది రెండూనూ, డబ్బొచ్చేది ఒక్కదానికే. ఆ డబ్బు పడేదీ మగవాడి చేతిలోనే. అది ఎన్నాళ్లుంటుందో మనలో చాలామందికి అనుభవమే.

ఈ డ్యాముకి అప్పిచ్చిన ప్రపంచబ్యాంకు వేయించిన సంఘం కూడా పునరావాసం సరిగ్గా లేదని 1992లో తేల్చింది. మరుసటేడు మిగిలిన అప్పు మాకక్కర్లేదని మన ప్రభుత్వమే చెప్పేసింది. 2000లో సుప్రీంకోర్టు సరేనన్నాక గోడ లేస్తూనే పోయి, 2017లో ప్రారంభోత్సవమైంది.

అంత పోరాటమూ వృథా పోలేదనే అంటాను. 2013 భూసేకరణ చట్టంలో ఆడా మగా తేడా లేకుండా మేజరైన ప్రతి మనిషీ వేరే కుటుంబమేనని రాశారు. వితంతువులు, విడాకులు పొందినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు కూడా విడి కుటుంబాలే. ఆ మాట రాయడానికి 1979 నుంచి 34 ఏళ్లు పట్టింది. అయినా చివర్లో చిన్న మెలిక ఉంది. ఇచ్చే స్థలంగానీ ఇల్లుగానీ భార్యాభర్తలిద్దరి పేరా 'ఉండవచ్చు' అంది చట్టం. 'ఉండాలి' అనలేదు. ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆఫీసుల్లో పని ఆగిపోతుందని రేషను కార్డు కోసం తిరిగిన ఎవరినడిగినా చెబుతారు.

ఇప్పుడు మన గోదావరి మీద పోలవరం లేస్తోంది. పూర్తి ఎత్తు కడితే దాదాపు లక్ష కుటుంబాలు కదలాలి. వాళ్లలో కోయలు, కొండరెడ్లే ఎక్కువ. 2022 జూలై వరదలో చింతూరు, కూనవరం వైపు ఊళ్లు నీళ్లలో ఉన్నప్పుడు టీవీలో చూశాం, పిల్లల్నీ మేకల్నీ గుట్టల మీదికి తోలుకుపోతున్న తల్లుల్ని. వాళ్లలో చాలామందికి ఇళ్ల కాగితాలు ఇంకా రాయాల్సే ఉంది. వాటి మీద ఎవరి పేరు పడుతుందో, రెండో పేరుకి గడి ఉందో లేదో!