కామా లేదని... కాసులొచ్చాయి!

‘కామా పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత’ అని తీసిపారేసే పిల్లలకు అమెరికా పాలవ్యాన్ల డ్రైవర్ల కథ చెప్పాల్సిందే.

మెయిన్ రాష్ట్రంలోని ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు తమకు ఓవర్‌టైం ఇవ్వట్లేదంటూ 2014లో కోర్టుకెక్కారు. వారానికి 40 గంటలు దాటితే గంటకు ఒకటిన్నర రెట్లు జీతమివ్వాలన్నది అక్కడి చట్టం. త్వరగా పాడైపోయే ఆహారపదార్థాలకు సంబంధించిన కొన్ని పనులకు మాత్రం మినహాయింపు ఉంది. ‘క్యానింగ్, ప్రాసెసింగ్, ప్రిజర్వింగ్...’ అంటూ సాగే ఆ జాబితా చివర్లో ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని రాశారు. ‘షిప్‌మెంట్’ తర్వాత కామా లేదు.

చిక్కంతా అక్కడే! కామా ఉంటే ప్యాకింగ్ ఒక పని, పంపిణీ మరో పని. లేకపోతే, రవాణాకో పంపిణీకో చేసే ప్యాకింగ్ ఒక్కటే అవుతుంది. డ్రైవర్లు సరుకు చేరవేస్తారే కానీ ప్యాక్ చేయరు. కాబట్టి మినహాయింపు తమకు వర్తించదన్నారు. మిగతా పనులన్నీ ‘ఇంగ్’తో ముగిశాయి, పంపిణీ కూడా విడి పని అయితే ‘డిస్ట్రిబ్యూటింగ్’ అని ఉండాలిగా అనీ వాదించారు. చట్టాలు రాసేటప్పుడు అక్కడ కామా పెట్టొద్దని రాష్ట్ర నిబంధనల పుస్తకమే చెబుతోందని యాజమాన్యం బదులిచ్చింది. కింది కోర్టు యాజమాన్యం మాటే నమ్మింది. 2017లో అప్పీలు కోర్టు మాత్రం, వాక్యం రెండు రకాలుగానూ అర్థమవుతోంది కాబట్టి కార్మికులకు మేలు చేసే అర్థాన్నే తీసుకోవాలంది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఈలోగా ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించి, కామాల స్థానంలో సెమీకోలన్లు పెట్టి, ‘డిస్ట్రిబ్యూటింగ్’ అని మార్చుకుంది!

జాబితాలో చివరి ‘అండ్’, ‘ఆర్’లకు ముందు పెట్టే ఈ కామానే ఆక్స్‌ఫర్డ్ కామా అంటారు. పెట్టినా తప్పు కాదు, మానినా తప్పు కాదు. అర్థం మారే ప్రమాదముంటే మాత్రం పెట్టి తీరాలి. జాబితాలోని మాటలన్నీ ఒకే రూపంలో ఉండటమూ ముఖ్యమే. ‘షి లైక్స్ రీడింగ్, పెయింటింగ్ అండ్ టు స్విమ్’ అనకూడదు, ‘స్విమ్మింగ్’ అనాలి.

తెలుగులో ఈ బాధ తక్కువ. ‘అమ్మా నాన్నా అన్నయ్యా వచ్చారు’ అంటూ దీర్ఘం తీస్తే చాలు, ఎవరికి వారు విడిగా నిలబడతారు. ఇంగ్లిషులో ఆ దీర్ఘం లేదు. అక్కడ ఆ పని చేయాల్సింది కామానే!