కుండీ వాళ్లది, కేసు మనది

కోరుకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న కొండరెడ్డి, కోయ పిల్లలం రాస్తున్నాం. మాలో చాలామంది ఇళ్లల్లో కాలేజీ మొహం చూసింది మేమే మొదలు. తప్పుంటే తిట్టండి, కానీ మొత్తం చదివాకే తిట్టండి.

పోయిన వారం మన గ్రూపులోనే ఒక వీడియో తిరిగింది. ఇంట్లో కుండీలో, పెరట్లో గంజాయి మొక్క పెంచుకోవడం ఎలా అని. దాని కింద నవ్వు బొమ్మలు. "మనకి వీడియో ఎందుకురా, అది మన రక్తంలోనే ఉంది" అని ఒకరు రాశారు. ఆ మాట దగ్గరే మాకు కాలింది.

అలాంటి వీడియోలు ఎక్కడ తీస్తారో ఆలోచించారా? కెనడాలో 2018 నుంచి చాలా రాష్ట్రాల్లో ఇంటికి 4 మొక్కల దాకా పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకి 3 మొక్కలు. వాళ్లకది తోటపని. మనకున్నది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. సాగు చేస్తే 20వ సెక్షన్ కింద 10 ఏళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. ఎకరమా, కుండీయా అని అందులో తేడా లేదు.

ఇంకో అన్న పెద్ద చరిత్రే చెప్పాడు. తాతలు కల్లు కోసం తెల్లోడి మీద తిరగబడ్డారు, మనం గంజాయికి ఎందుకు భయపడాలి అని. నిజమే, 1879లో రంప పితూరీ లేవడానికి కల్లు మీద పెట్టిన ఆంక్షలు, పన్నులు ఒక కారణం. కానీ అన్నా, ఆ చెట్టు మనది, గీసింది మనం, తాగింది మనం. గంజాయిలో మనదేముంది? విత్తనం, అడ్వాన్సు తెచ్చేది బయటి వ్యాపారి. కొనేది పట్నం. మన వాటాకి వచ్చేది కూలి, దాని తర్వాత జైలు.

మా పక్క ఊరి అన్న ఒకడు అలాగే దొరికాడు. సంచి రాజమండ్రి దాకా దింపితే 5 వేలు అన్నారు. తూకం వేస్తే 22 కిలోలు. 20 దాటితే చట్టం లెక్కలో అది వ్యాపారం సరుకు. శిక్ష 10 ఏళ్ల నుంచి 20 దాకా, బెయిలు దొరకడమే గగనం. సంచి ఇచ్చినవాడి పేరు అన్నకే తెలీదు. ఫోన్ నంబరు మాత్రం ఉంది, అది ఆ రోజే ఆగిపోయింది.

దసరా సెలవులయ్యాక మేం బస్సులో వస్తుంటే ఆపారు. బస్సంతా ఉంది, సంచులు విప్పించింది మాచేతే. చింతపండు, కొండచీపుర్లు బయటపడ్డాయి. "ఏజెన్సీ బ్యాచా?" అన్నారు. గోకవరం వచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు. "రక్తంలో ఉంది" అని మనమే నవ్వుకుంటే ఇంక వాళ్లననేదేముంది?

ప్రభుత్వాన్నీ వదలం. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ మన్యంలో 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. మంట టీవీలో బాగా కనబడింది. మరి బదులు పంట? కాఫీ వేస్తే కాపుకి మూడు నాలుగేళ్లు పడుతుంది. అందాకా పొయ్యి మీద ఏం పెట్టాలి? జీడిపిక్కలు సంతలో దళారి చెప్పిన రేటుకే పోతున్నాయి. వ్యాపారి అడ్వాన్సు పట్టుకుని వచ్చేది సరిగ్గా ఆ నాలుగేళ్లలోనే. ఐటీడీఏ ముందు కూర్చుని అడగాల్సింది దీని గురించి. కుండీల గురించి కాదు.

వీడియో పెట్టిన తమ్ముడూ, ఈ రాత్రికి తీసెయ్. నీ పేరు మేం ఎక్కడా ఎత్తం.

ఆ అన్న వాయిదా వచ్చే బుధవారం. వాళ్లమ్మకి తెలుగు చదవడం రాదు, కోర్టులో ఎటు వెళ్లాలో తెలీదు. మాలో ఇద్దరం తోడు వెళ్తున్నాం. ఇంకెవరైనా వచ్చేవాళ్లుంటే ఉదయం 8 గంటలకల్లా కోరుకొండ బస్టాండు దగ్గర ఉండండి.