ఈపూరు పిల్లలకు ఏడు రాత్రులు కావాలి

బడి పగలు నడుస్తుంది, నక్షత్రాలు రాత్రి కనిపిస్తాయి. ఈ ఒక్క పొంతన కుదరక మన బడుల్లో ఖగోళశాస్త్రం బొమ్మలు చూసి బట్టీపట్టే పాఠంగా మిగిలిపోయింది. వృక్షశాస్త్రానికి బడి ఆవరణలో వేపచెట్టయినా ఉంటుంది, ఆకాశానికి మాత్రం టైంటేబుల్లో పీరియడ్ దొరకదు. 2022-23లో జాతీయ స్థాయిలో పాఠ్యభారం తగ్గించినప్పుడు ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలోంచి నక్షత్రాలు, సౌరకుటుంబం పాఠాన్నే తీసేశారు. తర్వాత వచ్చిన కొత్త పుస్తకాల్లో ఆకాశానికి మళ్లీ చోటు దొరికింది, సంతోషమే. కానీ పుస్తకంలోకి వచ్చినంత మాత్రాన పిల్లల కంటికి రాదు. పల్నాడు జిల్లా ఈపూరు లాంటి మండలంలో వేసవి సెలవుల్లో ఉన్నత పాఠశాల పిల్లలకు వారం రోజుల ఖగోళ శిబిరం పెట్టాలన్నది అందుకే నా వాదన. ఒక్క రాత్రి టెలిస్కోపు ప్రదర్శనతో సరిపెట్టకూడదు. శ్రీహరికోటకు బస్సులో తీసుకెళ్లి తీసుకురావడం మంచిదే గాని, అది దీనికి బదులు కాదు. వరసగా ఏడు రాత్రులు, వాళ్ల మండలంలోనే, వాళ్ల ఊరి ఆకాశం కిందే జరగాలి.

వారం ఎందుకంటే, ఆకాశాన్ని ఒక్కసారి చూసి తెలుసుకోగలిగేది చాలా తక్కువ. 1610 జనవరి 7 రాత్రి గెలీలియో తన దుర్భిణిని గురుగ్రహం వైపు తిప్పినప్పుడు దాని పక్కన మూడు చిన్న చుక్కలు కనిపించాయి. మామూలు నక్షత్రాలే అనుకున్నాడు. మర్నాడు చూస్తే మూడూ గురుడికి ఒకే పక్కన ఉన్నాయి. 10వ తేదీన రెండే కనిపించాయి, 13న నాలుగోది బయటపడింది. అవి గురుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాలని రూఢి కావడానికి ఆయనకు ఇంచుమించు వారం పట్టింది. మొదటి రాత్రితో ఆపేసి ఉంటే ఆయన పుస్తకంలో మూడు నక్షత్రాల బొమ్మ తప్ప ఏమీ మిగిలేది కాదు. గురుడు సాయంత్రపు ఆకాశంలో ఉండే ఏడాదుల్లో ఈ పరిశీలనంతా ఈపూరు పిల్లలు ఒక మంచి బైనాక్యులర్‌ను స్టాండుకు బిగించి స్వయంగా చేయగలరు. గురుడు లేని ఏడాది చంద్రుడున్నాడు. అమావాస్య వెళ్లిన విదియ నాడు శిబిరం మొదలుపెడితే చాలు. చాచిన చేతి పిడికిలి ఆకాశంలో సుమారు పది డిగ్రీల వెడల్పును కప్పుతుంది. చంద్రుడు నక్షత్రాల మధ్య రోజుకు పదమూడు డిగ్రీల చొప్పున తూర్పుకు జరుగుతున్నాడని పిడికిళ్లతో కొలిచే పిల్లలకు మూడో రాత్రికల్లా తెలిసిపోతుంది. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. ఇంట్లో పెద్దవాళ్లు పంచాంగం చూసి చెప్పే తిథి వెనక ఉన్న కొలతను ఆ పిల్లలు తమ చేత్తో తాము పట్టుకుంటారు. ఒక్క రాత్రి ప్రదర్శనలో వరసలో నిలబడి, అరనిమిషం చంద్రుణ్ని చూసి, పక్కకు తప్పుకున్న పిల్లవాడికి ఇది ఎన్నటికీ దొరకదు.

ఇందుకు మన నేల మీదే గొప్ప సాక్ష్యం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. బ్రిటిష్ వాళ్ల తరఫున జేమ్స్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే మకాం వేసింది, మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. హీలియం గుంటూరులో దొరికిందని మనం గర్వంగా చెప్పుకుంటుంటాం. నిజానికి సౌర వర్ణపటంలో కనిపించిన పసుపు గీత కొత్త మూలకానిదని గుర్తించి పేరు పెట్టడంలో ఇంగ్లండులో ఉన్న ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ పాత్ర పెద్దది, భూమి మీద ఆ వాయువును రసాయన శాస్త్రవేత్త రామ్సే పట్టుకున్నది 1895లో. నా దృష్టిలో గుంటూరుకు దక్కాల్సిన అసలు గౌరవం గ్రహణం మర్నాటిది. గ్రహణ సమయంలో సౌరజ్వాలల నుంచి వచ్చిన కాంతిరేఖలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చు కదా అని జాన్సెన్‌కు తట్టింది. 19వ తేదీ పొద్దున్నే మళ్లీ పరికరం తిప్పి చూశాడు, కనిపించాయి. ఆ తర్వాత రోజుల తరబడి చూస్తూనే ఉన్నాడు. అప్పటిదాకా గ్రహణమప్పుడు కొద్ది నిమిషాలు మాత్రమే అందే దృశ్యం అలా ప్రతిరోజూ అందే విషయమైంది. ప్రపంచం మన ఆకాశం కోసం ఓడలెక్కి వచ్చింది. 2022 దాకా గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న పల్నాడులో ఎన్ని బడుల్లో ఈ సంగతి చెబుతున్నారో ఆలోచించాలి.

శిబిరం నగరంలో గాక ఈపూరులోనే ఎందుకు పెట్టాలి? మొదటి కారణం చీకటి. హైదరాబాదులో, విజయవాడలో వీధి దీపాల కాంతి పాలపుంతను మింగేసింది. పల్నాడు పల్లెల్లో మే నెల అర్ధరాత్రి దాటాక అది ఇంకా కనిపిస్తుంది. రెండోది అక్షాంశం. ఈపూరు భూమధ్యరేఖకు సుమారు 16 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి ధ్రువ నక్షత్రం కూడా క్షితిజం నుంచి దాదాపు 16 డిగ్రీల ఎత్తులోనే, అంటే పిడికిలిన్నర పైన కనిపిస్తుంది. తమ ఊరు భూగోళం మీద ఎక్కడుందో పిల్లలు ఒక్క పిడికిలితో చెప్పేయగలరు. మే మొదట్లో రాత్రి పది ప్రాంతంలో దక్షిణాన దక్షిణ శిలువ నక్షత్రాలు నిటారుగా నిలబడతాయి. ఢిల్లీ పిల్లలకు అవి దాదాపు నేలను ఆనుకుని ఉంటాయి, ఈపూరులో బాగా పైకి వస్తాయి. ఇక పగలు చేయాల్సిన పని ఇంకా బాగుంటుంది. మే 5 ప్రాంతంలో సూర్యుడు ఈపూరుకు సరిగ్గా నడినెత్తిన వస్తాడు, పన్నెండు దాటిన ఏడెనిమిది నిమిషాలకు నిటారు కర్రకు నీడే ఉండదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మీటరు కర్ర పాతి రోజూ కొలిస్తే మే మొదట్లో నీడ రోజుకు అరసెంటీమీటరు చొప్పున మారడం వారంలో కళ్లకు కడుతుంది. ఈపూరులో నీడే లేని రోజున ఢిల్లీలో ఒక బడితో ఫోనులో మాట్లాడుకుంటే, అక్కడి మీటరు కర్రకు 22 సెంటీమీటర్ల దాకా నీడ ఉంటుంది. ఆ నీడనూ, రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణాల దూరాన్నీ తీసుకుని లెక్కవేస్తే భూమి చుట్టుకొలత వస్తుంది. రెండు వేల సంవత్సరాల కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో చేసిన లెక్క ఇదే. మూడో కారణం కార్తెలు. పల్నాడు రైతులకు వాన, విత్తు, కార్తె ఒకే మాటలో వస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తెలిసిన పిల్లవాణ్ని ఆ రోజుల్లో రోహిణి నక్షత్రాన్ని చూపించమనండి, చూపించలేడు. సూర్యుడు రోహిణి దగ్గర ఉన్నాడు కాబట్టే అది రోహిణి కార్తె, అందుకే ఆ నక్షత్రం అప్పుడు కనబడదు. ఇంటి దగ్గర విన్న మాటలోంచి ఇంత శాస్త్రం తీయగలిగే చోటు ఏసీ హాల్లో దొరకదు.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం నాకు తెలుసు. ఎనిమిదో తరగతికి వచ్చినా భాగహారం రాని పిల్లలున్న చోట చుక్కలు లెక్కపెట్టడం దేనికి, ముందు చదవడం రాయడం నేర్పండి అంటారు. ఆ బాధ నిజమైనదే, దాన్ని తీసిపారేయలేం. అయితే నీడను కర్ర పొడవుతో భాగించడం భాగహారమే. తిథికి పన్నెండు డిగ్రీలు, నెలకు ముప్పై తిథులు, వృత్తానికి 360 డిగ్రీలు అన్నది ఎక్కమే. కోణం అంటే ఏమిటో పుస్తకంలో అర్థంకాని పిల్లకు పిడికిలి పట్టుకుని చంద్రుణ్ని కొలిచినప్పుడు అర్థమవుతుంది. రోజూ చూసింది తెలుగులో నాలుగు వాక్యాలు రాయించడం రాత నేర్పడమే. చదువులో వెనకబడ్డ పిల్లలకు కుతూహలం తర్వాత ఇద్దాంలే అనుకుంటే ఆ తర్వాత అనేది రాదు, ఈలోగా పదో తరగతి వచ్చేస్తుంది.

ఎండ సంగతి. రెంటచింతల వేడి రాష్ట్రమంతటికీ తెలుసు, అదే జిల్లాలోని ఈపూరుకూ మే నెల చల్లగా ఉండదు. నీడ కొలిచే కొద్ది నిమిషాలు తప్ప పగలు పిల్లల్ని ఎండలో ఉంచనక్కర్లేదు, మధ్యాహ్నం నిద్ర, అసలు పని రాత్రి. పొలాల్లో పాములు, తేళ్ల భయం ఉంటుంది కాబట్టి బడి డాబా మీదే పరిశీలన పెట్టాలి. ఆడపిల్లల్ని రాత్రిపూట ఎలా పంపుతామని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. దానికి జవాబు వాళ్లను ఇంట్లో ఉంచడం కాకూడదు. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లాంటి హాస్టల్ వసతి ఉన్న చోట, మహిళా టీచర్ల ఆధ్వర్యంలో, తల్లులు కూడా ఒకటి రెండు రాత్రులు వచ్చి ఉండేలా పెట్టాలి. తల్లులు వస్తే ఇంకో మేలు. గ్రహణం రోజు గర్భిణి కదలకూడదన్న భయం పిల్లల పుస్తకాలతో పోదు, పెద్దవాళ్లు కూడా చూసి మాట్లాడుకుంటేనే పోతుంది. జ్యోతిషం మీద శిబిరంలో వాదనలు పెట్టుకోవాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. గ్రహం ఎక్కడుందో కొలవడం ఒకటి, అది మన పెళ్లి గురించి ఏం చెబుతుందో ఊహించడం ఇంకొకటి అని ఏడు రాత్రులు కొలిచిన పిల్లలు తామే విడదీసుకుంటారు.

ఇస్రో యువికా ఉంది కదా అని కొందరంటారు. 2019లో మొదలైన ఆ కార్యక్రమం మంచిది. తొమ్మిదో తరగతి పిల్లలను రెండు వారాల పాటు ఇస్రో కేంద్రాలకు తీసుకెళ్తుంది, గ్రామీణ విద్యార్థులకు ప్రాధాన్యం ఇస్తుంది. కానీ దేశం మొత్తం మీద ఎంపికయ్యేది కొన్ని వందల మంది. ఎంపిక ఉన్న చోట మార్కులుంటాయి, మార్కులున్న చోట ఈపూరు పిల్లలు చాలామంది గడప దగ్గరే ఆగిపోతారు. భారతదేశపు అతి పెద్ద ఖగోళ శాస్త్రవేత్తల్లో ఒకరైన వైను బప్పు హైదరాబాదులో పెరిగాడు, తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. చిన్నప్పటి నుంచే దుర్భిణి ఆయనకు ఇంటి పక్క వస్తువు. 1949లో తోకచుక్కను కనిపెట్టి, 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడైన ఆ మనిషిలోని ప్రతిభను తక్కువ చేయలేం. ఆ ప్రతిభకు దుర్భిణి అందుబాటులో ఉండటాన్నీ తక్కువ చేయలేం. పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా ఎన్నో ఏళ్లుగా వేసవిలో ఒక్కో వారం ఒక్కో జట్టు బడి పిల్లల్ని పిలిచి శాస్త్రవేత్తల దగ్గర పని చేయిస్తోంది. ఆ పద్ధతి పనికొస్తుంది. ఈపూరుకు శాస్త్రవేత్త రాకపోయినా ఫరవాలేదు. భౌతికశాస్త్రం, గణితం టీచర్లు ఇద్దరు, మూడు నాలుగు బైనాక్యులర్లు, ఒక చిన్న టెలిస్కోపు, ఉచితంగా దొరికే స్టెల్లేరియం అనే ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్ ఉన్న ఒక కంప్యూటర్ చాలు. 1988 నుంచి పనిచేస్తున్న జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు టీచర్లకు ముందుగా నాలుగు రోజులు శిక్షణ ఇవ్వగలరు. ఫోనులో అన్నీ కనిపిస్తున్నాయి కదా అనేవాళ్లకు ఒకటే మాట. ఫోనులో శనిగ్రహం ఎప్పుడూ అందంగానే ఉంటుంది, కానీ మబ్బు పట్టిన రాత్రి ఎదురుచూడటాన్నీ, కొలత తప్పితే మళ్లీ కొలవడాన్నీ అది నేర్పదు.

ఇక చీకటి సంగతి. వీధి దీపాలు పంచాయతీ చేతిలో ఉన్నాయి. లద్దాఖ్‌లోని హన్లేలో 2022లో చీకటి ఆకాశానికి రక్షిత ప్రాంతం ఏర్పాటు చేసి, ఆ ఊళ్లవాళ్లకే శిక్షణ ఇచ్చి టెలిస్కోపులు అప్పగించారు. ఈపూరును అడిగేది అంత పెద్ద పనేం కాదు. శిబిరం జరిగే వారం పాటు బడి చుట్టుపక్కల వీధి దీపాలు రాత్రి రెండు గంటలు ఆపితే చాలు. పల్నాడు జిల్లా విద్యాశాఖ వచ్చే మే నెలకు ఒక్క మండలంతో మొదలుపెట్టాలి. మార్కులు చూడకుండా, చేరతామన్న పిల్లల్లోంచి లాటరీ తీసి నలభై మందిని తీసుకోవాలి, సగం మంది ఆడపిల్లలు ఉండాలి. ఏడు రాత్రుల కొలతల పుస్తకాలను బడిలో భద్రపరిచి, మరుసటి ఏడాది జట్టుకు అందించాలి. వచ్చే మే నెలలో అమావాస్య ఏ రోజో ఎవరికైనా ముందే తెలుస్తుంది. అధికారులు, ఉపాధ్యాయులు, ఈపూరు పెద్దలు కూర్చుని ఈ ఏడాదే తేదీ ఖాయం చేయాలని కోరుతున్నాను.