మా ఎండ మంచిదే గానీ, నా వంటిల్లు?

ప్రతి మే నెలలో మా ఇంట్లో ఒక పంచాయితీ తప్పదు. మా తోటికోడలిది బందరు. పిల్లల సెలవులకు మైదుకూరు వస్తుంది. బస్సు దిగీ దిగగానే కొంగు నెత్తిన కప్పుకుని, "బాబోయ్ అక్కయ్యా, ఇది ఊరా, పొయ్యా?" అంటుంది. "పొయ్యే అనుకో. స్నానం చేసి బయటికొచ్చేలోపల మళ్లీ తడిసిపోయే కర్మ మాత్రం మాకు లేదు" అంటాను నేను. అట్లా మొదలైతే తను తిరుగు ప్రయాణం కట్టేదాకా తెగదు.

నా పక్షం ముందే చెప్పేస్తా. నాకు ఎండే ఇష్టం, ఉక్క కాదు. మా ఎండకు ఒక న్యాయం ఉంది, నీడకు పోతే కొంచెమైనా వదిలిపెడుతుంది. వేపచెట్టు కింద కూర్చుంటే ప్రాణం లేచొస్తుంది. కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. పొద్దున మిద్దె మీద పెట్టిన వడియాలు సాయంత్రానికి గలగలమంటాయి. బందరులో నీడా ఎండా ఒకటే. అర్ధరాత్రయినా జాకెట్టు వీపుకు అతుక్కునే ఉంటుంది.

ఇందులో మాయ లేదు. గాలి పొడిగా ఉంటే చెమట వెంటనే ఆరుతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. సముద్రం పక్కన గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది కాబట్టి చెమట కారుతుందే గానీ ఆరదు. కుండ చల్లబడేదీ, కూలర్ మా దగ్గర పనిచేసి వాళ్ల దగ్గర జిడ్డు పెంచేదీ ఈ లెక్కనే. వాతావరణ శాఖ కూడా మామూలు కంటే ఎంత పెరిగిందో చూడడంతోపాటు, మైదానంలో 40 డిగ్రీలు తాకితేనే వడగాడ్పు అంటుంది. తీరంలో 37 చాలు.

ఇంతవరకు గెలుపు నాదే. కానీ ఈ గెలుపు మాటే మన కొంప ముంచుతోంది.

"మాది పొడి ఎండ, మాకు అలవాటే" అంటాం. చెమట కనపడదు కాబట్టి ఒంట్లో నీళ్లు పోలేదనుకుంటాం. మా తోటికోడలు తడిసిన జాకెట్టు చూసుకుని చెంబెడు మజ్జిగ తాగుతుంది. మనకు చెమట పుట్టినట్టే తెలియదు, బట్టల మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగుల్తాయి. పైగా పెళ్లికి పోయినా, బస్సెక్కినా, దారిలో ఆడవాళ్లకు చోటుండదని నీళ్లు మానేసే అలవాటొకటి.

పోయినేడు రోహిణి కార్తెలో సంగటి కెలుకుతూ కళ్లు తిరిగి గడప మీద కూలబడ్డాను. "పొద్దున్నుంచి ఎన్ని నీళ్లు తాగినావమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. రెండు గ్లాసుల కాఫీ తప్ప నాకేమీ గుర్తుకు రాలేదు. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వేయిమందికి పైగా పోయారు. వాళ్లంతా ఈ ఎండల్లో పుట్టి పెరిగినవాళ్లే కదా. అలవాటు ఎవరిని కాపాడింది?

ఇంకొక మాట. పొడి ఎండ ఎవరికి? పంచలో కూర్చున్నవాళ్లకు. వంటింట్లో ఒక పక్క ఎసరు, ఒక పక్క కుక్కర్ ఆవిరి. మంట ఆరిపోతుందని ఫ్యాను వేయం, కిటికీ తీయం. బయట కడప ఎండ, లోపల బందరు ఉక్క! మేమిద్దరం ఏ ఊరు మేలని వాదించుకునేదీ ఆ వంటింట్లోనే, ఇద్దరమూ తడిసి ముద్దయి. హాల్లో కూలర్ ముందు అన్నదమ్ములు కూర్చుని, "దోసెలు వేడివేడిగా రానీ" అంటుంటారు.

మగవాళ్లు ఎండలో కష్టపడి వస్తారు కదా అంటారు. నిజమే, కాదనను. చేలల్లో ఆడవాళ్లూ అదే ఎండలో పనిచేస్తారు. ఇంటికొచ్చాక ఆయనకు నీడ, ఆమెకు పొయ్యి. వేడిగా పెట్టకపోతే మర్యాద కాదంటారు. చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిగడ్డ నంజుకుని పెద్దలు బతికిన సీమలో ఈ మర్యాద ఎప్పుడొచ్చింది?

అందుకే నేను తీర్మానం చేసుకున్నాను. మే నెలంతా పొద్దున ఎనిమిదికల్లా పొయ్యి ఆరిపోవాలి. మధ్యాహ్నం సంగటి ముద్ద, మజ్జిగ, ఊరుబిండి. వేడిగా కావాలనుకున్నవాళ్లకు అగ్గిపెట్టె ఎక్కడుందో చూపిస్తాను. పొయ్యి పక్కనే నీళ్ల చెంబు, గంటకొకసారి నాకే.

కూలర్‌ను వంటింటి గడప దగ్గరికి లాగాను. మంటకు గాలి తగలకుండా పక్కకు తిప్పి, తేమ బయటికి పోవడానికి వెనక కిటికీ తెరిచాను. మొదటిరోజే, "టీవీ దగ్గరికి గాలి రావడం లేదే" అని వినిపించింది. కుర్చీ ఇటు జరుపుకోండి అన్నాను. జరుపుకున్నారు. ఊరికే ఎందుకు కూర్చోవడమని చేతికి ఉల్లిగడ్డలు, కత్తి ఇచ్చాను. తరిగారు.

మీ ఊరి ఎండ గొప్పదా, ఉక్క గొప్పదా అని నేనింక ఎవరినీ అడగను. మీ ఇంట్లో కూలర్ ఎవరి వైపు తిరిగి ఉందో, అది చెప్పండి.